వెనకంతా బంగారమే ఎందుకు? మ్యూజియంలోని బైబిలు బొమ్మలపై మీ ప్రశ్నలు

పోయిన సంచికలో మ్యూజియంలలోని ఐరోపా చిత్రాల గదుల గురించి రాశాక చాలా ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువ మంది అడిగింది బైబిలు బొమ్మల గురించే. కొందరు చర్చికి వెళ్లేవాళ్లు, కొందరు బైబిలు ఎప్పుడూ తెరవనివాళ్లు, ఇద్దరి ఇబ్బందీ ఒకటే: బొమ్మ బాగుంది, కానీ ఎక్కడ మొదలుపెట్టి చూడాలో తెలియడం లేదు. ఒకే రకం ప్రశ్నలను కలిపి, కొన్నింటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

మా అమ్మాయి డాలస్‌లో ఉంటుంది. మేం వెళ్లినప్పుడు మ్యూజియంలు చూపించింది. పాత చిత్రాల గదుల్లో ఎక్కడ చూసినా మరియమ్మ, ఒళ్లో బాలయేసు, వెనకంతా బంగారు రంగు. కాసేపటికి అన్నీ ఒకటే అనిపించింది. కొన్నయితే చిన్న చిన్న చెక్క ముక్కలు. వాటికి అంత విలువ ఎందుకు?
– రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, హనుమకొండ

సార్, మీకు విసుగు రావడం సహజమే. ఆ బొమ్మలు వేసినవాళ్లలో ఎవరూ మ్యూజియం గోడను మనసులో పెట్టుకొని వేయలేదు. ఒక చర్చిలో ఒక బలిపీఠం మీద నిలబెట్టడానికి, దాని ముందు గురువు పూజ చేస్తుంటే వెనక జనం మోకాళ్ల మీద ఉండి చూడటానికి వేశారు. కరెంటు లేని కాలం, లోపల సగం చీకటి, వెలుతురంతా కొవ్వొత్తులదే. మంట కదిలినప్పుడల్లా ఆ బంగారం కూడా కదిలి మెరిసేది. పరలోకానికి ఆకాశం రంగు, కొండలు, చెట్లు అక్కర్లేదు, వెలుగు ఉంటే చాలని వాళ్లు అనుకున్నారు. అదే బొమ్మను ట్యూబ్‌లైటు లాంటి తెల్లటి వెలుతురులో, పక్కన మరో ఇరవై బొమ్మలతో కలిపి వేలాడదీస్తే దాని బలం సగం పోతుంది. దీన్ని మ్యూజియంల తప్పు అనను, కానీ చూసేవాళ్లు ఆ పోయిన సగాన్ని మనసులో కలుపుకోవాలి.

ఆ బంగారం రంగు కాదు, అసలు బంగారమే. ఇటలీలో ఎక్కువగా పాప్లర్ చెక్క తీసుకొని, దాని మీద సుద్దలాంటి తెల్లటి పూత పొరలు పొరలుగా వేసి, నున్నగా గీకి, ఎర్రమన్ను పూసి, ఆ పైన గాలికి ఎగిరిపోయేంత పలచగా కొట్టిన బంగారు రేకులు అతికించి రుద్దేవాళ్లు. రంగులను గుడ్డు పచ్చసొనలో కలిపేవాళ్లు. మరియమ్మ పై వస్త్రం నీలం అఫ్ఘానిస్తాన్‌లోని బదఖ్షాన్ గనుల నుంచి వచ్చిన రాయిని నూరి తీసింది, ఒక్కోసారి బంగారం కన్నా ఖరీదు. అందుకే బొమ్మ చేయించుకునేవాళ్లు ఏ నీలం వాడాలో ఒప్పంద పత్రంలోనే రాయించుకునేవాళ్లు.

ఇక చిన్న ముక్కల సంగతి. ఇటలీలో సియెనా అనే ఊళ్లో దుచ్చో అనే చిత్రకారుడికి 1308లో పెద్ద చర్చి బలిపీఠానికి ఒక చిత్రం పని అప్పగించారు. ముందు వైపు సింహాసనం మీద మరియమ్మ, చుట్టూ దేవదూతలు, పునీతులు. వెనక వైపు యేసు శ్రమలు, మరణం, ఉత్థానం, గడులు గడులుగా. 1311 జూన్ 9న అది పూర్తయితే ఊరంతా దుకాణాలు మూసేసి, గంటలు మోగిస్తుంటే, గురువులూ అధికారులూ జనమూ కలిసి చిత్రకారుడి పనిశాల నుంచి చర్చి దాకా ఊరేగింపుగా తీసుకెళ్లారు. తర్వాత అభిరుచి మారింది, ఆ చిత్రం పాతబడిందని పక్కన పెట్టారు, 1771లో ఏకంగా రంపంతో కోసి విడదీశారు. ఎక్కువ భాగం ఇంకా సియెనాలోనే ఉంది, కొన్ని ముక్కలు మాత్రం చేతులు మారుతూ లండన్, వాషింగ్టన్, న్యూయార్క్ చేరాయి. మీరు చూసిన చిన్న చెక్కల్లో చాలావాటిది ఇదే కథ. ఒక పెద్ద బలిపీఠం నుంచి ఊడిపోయిన బతుకులు అవి.

మీ అమ్మాయి ఇంటికి దగ్గర్లోనే అలాంటి ఒక ముక్క ఉంది. ఫోర్ట్ వర్త్‌లో కింబెల్ మ్యూజియం ఉంది కదా, అక్కడ దుచ్చో వేసిన ‘లాజరును లేపుట’ ఉంది, దుచ్చో చిత్రం వెనక వైపు అడుగు వరుసలోది. సుమారు అడుగున్నర ఉంటుంది, అంతే. సమాధి తెరిచారు, నాలుగు రోజుల క్రితం చనిపోయిన మనిషి పీలికలు చుట్టుకొని నిలబడ్డాడు, యేసు చెయ్యి చాచాడు. పక్కన ఒకతను వాసనకు ముక్కు మూసుకున్నాడు. ‘నాలుగు దినాలైంది, కంపు కొడుతుంది’ అని మార్త అన్న మాట యోహాను సువార్త 11వ అధ్యాయంలో ఉంది, దాన్ని దుచ్చో ఒక్క చేతితో చెప్పేశాడు. అద్భుతం మధ్యలో కూడా ముక్కు మూసుకునే మనిషిని మరిచిపోని చిత్రకారుడంటే నాకు చాలా గౌరవం. ఈసారి వెళ్లినప్పుడు మిగతావి వదిలేసినా ఫరవాలేదు, దాని ముందు ఓ పావుగంట నిలబడండి.

నేను ఫైన్ ఆర్ట్స్ చదువుతున్నాను. ఈ చిత్రాల్లో అందరూ గడ్డాలు, పొడుగు బట్టలతోనే ఉంటారు. ఎవరు పేతురో ఎవరు పౌలో ఎట్లా గుర్తుపట్టాలి?
– విద్యార్థి, జనగామ

తమ్ముడూ, మీ జనగామకు దగ్గర్లోనే చేర్యాల ఉంది. నకాషీ కళాకారులు వేసిన పటం ముందు కథ చెప్పేవాళ్లు నిలబడి గడి గడికీ కర్ర పెట్టి చూపిస్తుంటే, ఎవరు దేవుడో ఎవరు రాజో చూసేవాళ్లకు ఎవరూ పేర్లు రాసి పెట్టలేదు. ఒంటి రంగు, కిరీటం, చేతిలో వస్తువు చూసి ఊళ్లో ముసలమ్మ కూడా చెప్పేది. ఐరోపా చర్చి బొమ్మ కూడా సరిగ్గా ఇట్లాంటి పద్ధతి మీదే నడిచింది, ఎందుకంటే వాటిని చూసేవాళ్లలో కూడా చదువు రానివాళ్లే ఎక్కువ.

కాబట్టి ముఖం వదిలెయ్యి, ముందు చేతులు చూడు. తాళంచెవులు ఉంటే పేతురు, మత్తయి సువార్త 16వ అధ్యాయంలో పరలోక రాజ్యపు తాళాలు ఆయనకే ఇస్తానన్నాడు యేసు. కత్తి పట్టుకున్న బట్టతలాయన పౌలు, ఆయన తల నరికారని సంప్రదాయం. ఒంటె వెంట్రుకల బట్ట, సన్నని కర్ర సిలువ, పక్కన గొర్రెపిల్ల ఉంటే బాప్తిస్మమిచ్చే యోహాను. పొడుగు జుట్టు, అత్తరు బుడ్డి ఉంటే మగ్దలేనే మరియ. విరిగిన చక్రం హతసాక్షి కేథరిన్‌ది, ఒళ్లంతా బాణాలు హతసాక్షి సెబాస్టియన్‌వి. సువార్తలు రాసిన నలుగురికీ నాలుగు గుర్తులు: మత్తయికి మనిషి, మార్కుకు సింహం, లూకాకు ఎద్దు, యోహానుకు గద్ద. యెహెజ్కేలు గ్రంథంలోనూ ప్రకటన గ్రంథంలోనూ కనిపించే నాలుగు జీవుల నుంచి వచ్చాయి అవి. దేవదూత చేతిలో తెల్ల లిల్లీ, ఎదురుగా పుస్తకం చదువుతున్న అమ్మాయి, పైన పావురం కనిపిస్తే అది గబ్రియేలు మరియమ్మకు తెచ్చిన మంగళవార్త.

ఇవన్నీ బట్టీ పట్టాల్సిన పని లేదు. నాలుగైదు తెలిస్తే మిగతావి వాటంతట అవే పట్టుబడతాయి.

ఎర్ర బట్టల ముసలాయన, ముందు పుర్రె, కాళ్ల దగ్గర సింహం. ఆయనెవరు?
– పాఠకురాలు, పెద్దపల్లి

జెరోమ్. బైబిలును లాటిన్‌లోకి తెచ్చిన పండితుడు, 420లో చనిపోయారు. సింహం కాలిలో ముల్లు తీశారని కథ, అందుకే అది ఆయన్ని వదలదు. ఎర్ర టోపీ, ఎర్ర బట్టలు కార్డినల్‌వి, ఆయన కాలానికి ఆ ఎర్ర బట్టలే లేవు, చిత్రకారులు గౌరవం కొద్దీ తొడిగారు. పుర్రె చావును మరిచిపోవద్దని.

మా డైనింగ్ టేబుల్ పైన ప్రభువు చివరి భోజనం ఫొటో ఉంది, మా అత్తమ్మ కాలం నాటిది. అందరూ బల్లకు ఒకే వైపు ఎందుకు కూర్చున్నారని మా బాబు అడిగాడు. ఇంకోటి, యేసు పాదాలు ఎక్కడా కనబడవు.
– గృహిణి, ఫాతిమానగర్, కాజీపేట

అమ్మా, మీ బాబు అడిగిన ప్రశ్న బంగారం లాంటిది. మీ ఇంట్లో ఉన్నది లియొనార్డో డావించీ 1495–98 మధ్య మిలాన్‌లో వేసిన చిత్రానికి నకలు. అది ఒక మఠంలో సన్యాసులు అన్నం తినే గది గోడ మీద ఉంది. వాళ్లు మౌనంగా తింటూ తలెత్తితే ఎదురు గోడ మీద యేసు, శిష్యులు కూడా అదే గదిలో భోంచేస్తున్నట్లు కనిపించాలి, అంటే బల్లకు ఇటువైపు కూర్చోవాల్సింది చూసేవాళ్లే. మీరు దాన్ని భోజనం బల్ల దగ్గర పెట్టుకోవడం ఆ రకంగా ఎంతో సరైన పని.

పాదాల సంగతి నిజంగా బాధ కలిగిస్తుంది. 1652లో వంటగది వైపు దారి కోసమని ఆ గోడకే తలుపు కోశారు, యేసు పాదాలు ఆ తలుపులో పోయాయి. అంతకు ముందే బొమ్మ పాడవడం మొదలైంది. కుడ్యచిత్రమంటే తడి సున్నం మీద గబగబా వేయాలి, అప్పుడే రంగు గోడలో కలిసిపోతుంది. లియొనార్డో నిదానంగా దిద్దుకుంటూ పనిచేసే మనిషి, అందుకని ఆరిన గోడ మీద వేశాడు, ఆయన బతికుండగానే పెచ్చులు లేచాయి. 1943లో బాంబు పడి ఆ గది కప్పు, పక్క గోడ కూలాయి. ఈ గోడకు ముందే ఇసుక బస్తాలు పేర్చడం వల్ల నిలిచింది. 1978లో మొదలైన మరమ్మతు 1999కి గానీ పూర్తి కాలేదు.

బాబుకు ఇంకోటి చూపించండి. ‘మీలో ఒకడు నన్ను అప్పగిస్తాడు’ అని యేసు అన్న మరుక్షణం అది. పన్నెండు మందీ ముగ్గురు ముగ్గురుగా కదిలిపోయారు, ఒకడు లేచాడు, ఒకడు ‘నేనా’ అన్నట్లు గుండె మీద చేయి పెట్టుకున్నాడు. వెనక్కి జరిగి, నీడలో ముఖం పెట్టుకొని, చేతిలో డబ్బు సంచి బిగించి పట్టుకున్నవాడు యూదా. వాణ్ని బాబునే వెతకమనండి.

యేసు యూదుడు, పశ్చిమాసియాలో పుట్టినవాడు. మరి ఈ చిత్రాల్లో తెల్లదొరలాగా ఎందుకు ఉంటాడు? ఇది మోసం కాదా? మా చర్చి యూత్ మీటింగ్‌లో పెద్ద గొడవే జరిగింది.
– యువకుడు, కరీంనగర్

తమ్ముడూ, రెండు వేర్వేరు విషయాలు ఇక్కడ కలిసిపోయాయి, విడదీసి చూద్దాం.

నాలుగు సువార్తల్లో ఎక్కడా యేసు ఒంటి రంగు, ఎత్తు, జుట్టు చెప్పలేదు. రోమ్ భూగర్భ సమాధుల్లో మొదటి కాలపు క్రైస్తవులు వేసుకున్న బొమ్మల్లో ఆయన గడ్డం లేని కుర్రవాడు, భుజాన గొర్రెపిల్లను మోసే కాపరి. గడ్డం, పొడుగు జుట్టు స్థిరపడింది తర్వాత. చిత్రకారులకు దొరికిన నమూనాలు తమ ఊరి మనుషులే, కాబట్టి తమ మనుషుల్నే వేశారు. పియెరో డెల్లా ఫ్రాంచెస్కా వేసిన యేసు బాప్తిస్మం లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది, అందులోని యొర్దాను నది ఆయన సొంతూరు సాన్‌సెపోల్క్రో పక్క కొండల్లోనే పారుతున్నట్లు ఉంటుంది.

ఇట్లా వేయడంలో మోసం లేదని నేను గట్టిగా నమ్ముతాను. అందుకు నాకు అన్నింటికన్నా ఇష్టమైన సాక్ష్యం బ్రూగెల్ అనే చిత్రకారుడు 1566లో వేసిన ‘బేత్లెహేములో జనాభా లెక్క’, బ్రస్సెల్స్ మ్యూజియంలో ఉంది. చూస్తే అందులో బేత్లెహేము ఎక్కడా కనబడదు. మంచు కప్పిన ఒక బెల్జియం పల్లెటూరు. సత్రం కిటికీ దగ్గర పేర్లు రాయించుకొని పన్ను కట్టడానికి జనం తోసుకుంటున్నారు. ఒక మూల పందిని కోస్తున్నారు, పిల్లలు గడ్డకట్టిన నీళ్ల మీద ఆడుతున్నారు. ఆ గుంపులో భుజాన రంపం వేసుకొని గాడిదను నడిపించుకొస్తున్న ఒక వడ్రంగి, గాడిద మీద దుప్పటి కప్పుకున్న గర్భిణి. ఒక్కరూ వాళ్ల వైపు చూడరు. ఆ కాలంలో ఆ ప్రాంతాన్ని స్పెయిన్ రాజు ఏలుతున్నాడు, పన్నుల బాధ అక్కడి జనానికి బాగా తెలుసు. తహసీల్ ఆఫీసు కిటికీ ముందు లైన్లో నిలబడ్డ ఎవరికైనా ఆ బొమ్మ అర్థమవుతుంది. కథను తన ఊరికి తెచ్చుకోవడమంటే అది.

గొడవ ఎక్కడ వచ్చిందంటే, ఒక ఊరి ముఖం అచ్చయి ప్రపంచమంతా పంచబడినప్పుడు. మన ఇళ్లల్లో, క్యాలెండర్ల మీద ఉండే లేత గోధుమరంగు జుట్టు యేసు చాలావరకు 19వ శతాబ్దపు జర్మన్ చిత్రకారుడు హాఫ్‌మన్ నుంచీ, 1940లో అమెరికాలో వార్నర్ సాల్‌మన్ వేసిన ముఖం నుంచీ వచ్చినవాడు. సాల్‌మన్ బొమ్మ కోట్ల సంఖ్యలో అచ్చయింది. ఆ కాగితం ముందు మోకరించి ఏడ్చినవాళ్ల భక్తిని నేను ఒక్క మాట అనను. కానీ ఆ ఒక్క ముఖం మిగతా ముఖాలన్నిటినీ మనకు కనబడకుండా చేసింది, అది నష్టమే.

మన దగ్గర వేరే దారి వెతికినవాళ్లు కూడా ఉన్నారు. గోవాకు చెందిన ఏంజెలో డా ఫొన్సెకా మరియమ్మకు చీర కట్టాడు, అందుకు అక్కడ చాలా మాటలు పడ్డాడు. బెంగాల్‌లో జామినీ రాయ్, తాను క్రైస్తవుడు కాకపోయినా, పటచిత్రాల పద్ధతిలో పెద్ద పెద్ద కళ్ల క్రీస్తును మళ్లీ మళ్లీ వేశాడు. బొమ్మల్లోనే కాదు, కట్టడంలో చూడాలంటే మన డోర్నకల్‌కు వెళ్లండి. భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్ అజరయ్య గారు కట్టించి 1939లో ప్రతిష్ఠించిన ఆ చర్చిలో మన గుళ్ల, మసీదుల శైలిలో కట్టిన స్తంభాలూ గుమ్మటాలూ ఉన్నాయి. మీ యూత్ మీటింగ్ ఒకసారి అక్కడే పెట్టుకోండి.

మా అబ్బాయి లండన్ నుంచి ఒక ఫొటో పంపాడు. దేవదూత చెయ్యి పట్టుకొని ఒక పిల్లవాడు చేపతో నడుస్తున్నాడు, వెంట కుక్క. బైబిలు బొమ్మ అని రాసి ఉందట. మేం బాప్టిస్టులం, బైబిలు చాలాసార్లు చదివాను, ఈ కథ ఎక్కడా లేదు.
– పాఠకుడు, మంచిర్యాల

అన్నా, మీరు సరిగ్గానే చదివారు. మీ బైబిల్లో 66 పుస్తకాలు, కథోలికుల బైబిల్లో 73. ఆ ఎక్కువ ఏడింటిలో తోబితు గ్రంథం ఒకటి. చూపు పోయిన తండ్రి, దూరదేశంలో రావాల్సిన డబ్బు కోసం కొడుకు తోబియాను పంపుతాడు. తోడుగా వచ్చిన బాటసారి నిజానికి రఫాయేలు దేవదూత, ఆ సంగతి పిల్లవాడికి తెలియదు. దారిలో పట్టిన చేప పైత్యరసమే చివరికి తండ్రి కళ్లు తెరిపిస్తుంది. కుక్క కూడా కథలోదే. మీ అబ్బాయి చూసింది బహుశా ఫ్లోరెన్స్ చిత్రకారుడు వెరొకియో పనిశాలలో 1470ల్లో తయారైన చిత్రం. వ్యాపారం కోసం కొడుకులను దూరదేశాలకు పంపే ఫ్లోరెన్స్ కుటుంబాలు ఈ బొమ్మను ఎంతో ప్రేమగా వేయించుకునేవి. కొడుకును దుబాయ్ పంపి ఎదురుచూసే మన జగిత్యాల, నిర్మల్ ఇళ్లల్లో దీన్ని వివరించి చెప్పనక్కర్లేదు. సేనాధిపతి తల నరికే యూదితు, ఇద్దరు ముసలివాళ్ల అబద్ధపు నిందకు ఎదురు నిలిచిన సూసన్న కూడా మీకు మ్యూజియంలలో తరచూ ఎదురవుతారు, వాళ్లూ ఆ కథోలిక బైబిలు నుంచి వచ్చినవాళ్లే.

మా మెదక్ చర్చి అద్దాల కిటికీలు కూడా ఈ లెక్కలోకి వస్తాయా?
– పాఠకుడు, సిద్దిపేట

తప్పకుండా వస్తాయి, పైగా వాటిని వాటి చోట్లోనే చూడొచ్చు, కోసుకొచ్చి మ్యూజియంలో పెట్టినవి కావు. రెవరెండ్ చార్లెస్ వాకర్ పాస్నెట్ కరువు రోజుల్లో జనానికి పని కల్పిస్తూ కట్టించిన ఆ చర్చి 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ అయింది. జననం, సిలువ, ఆరోహణం, ఈ మూడు కిటికీలకు రూపం ఇచ్చింది ఫ్రాంక్ సాలిస్‌బరీ అనే ఇంగ్లండు చిత్రకారుడు. ఎండ ఉన్నప్పుడే వెళ్లండి, బయటి వెలుతురు పడితేనే వాటికి ప్రాణం. చీకటి పడ్డాక లోపల లైట్లు వేసుకొని చూస్తే ఆ రంగులు కనబడవు.

గవర్నమెంట్ హైస్కూల్‌లో టీచర్‌ని. పిల్లల్ని సాలార్ జంగ్ మ్యూజియంకు తీసుకెళ్లాలని ఉంది. రెండు టెన్షన్లు. ఒకటి, ఐరోపా గదుల్లో బట్టల్లేని బొమ్మలుంటే తల్లిదండ్రులు ఏమంటారో. రెండు, అక్కడ చాలా వరకు నకళ్లే అంటున్నారు, నకళ్లు చూపించి ఏం లాభం?
– ఉపాధ్యాయురాలు, ములుగు

మేడం, మీ పిల్లలు రామప్ప గుడి నీడలో పెరిగారు. అక్కడి మదనికలను చూసిన కళ్లకు ఆదాము హవ్వలు కొత్త కాదు. అయినా ఇబ్బంది పడేవాళ్లు అన్ని కాలాల్లో ఉన్నారు. ఫ్లోరెన్స్‌లో మసాచో వేసిన ఆదాము హవ్వల కుడ్యచిత్రానికి 17వ శతాబ్దంలో ఆకులు అడ్డం వేయించారు, 1980ల్లో శుభ్రం చేసినప్పుడు వాటిని తీసేశారు. తోటలోంచి గెంటేసిన ఇద్దరు ఏడుస్తూ నడుస్తున్న బొమ్మ అది, ఆమె నోరు తెరిచి చేసే ఆక్రందన చూశాక బట్టల సంగతి ఎవరికీ గుర్తుండదు. తల్లిదండ్రులకు ఈ మాట ముందే చెప్పండి, బస్సెక్కాక కాదు.

నకళ్ల విషయం. గొప్ప చిత్రాలను దించి నేర్చుకోవడం అవమానమని అప్పట్లో ఎవరూ అనుకోలేదు. అక్బరు కొలువుకు 1580లో వచ్చిన జెస్యూట్ గురువులు బొమ్మలున్న బైబిలు తెచ్చారు, మొఘలు చిత్రకారులు ఐరోపా బొమ్మలను ఎంతో ఇష్టంగా దించారు. అబుల్ హసన్ అనే కుర్రవాడు 1600లో, తన పదమూడో ఏట, జర్మన్ కళాకారుడు డ్యూరర్ వేసిన యోహానును చూసి గీసిన బొమ్మ ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్ మ్యూజియంలో దాచుకున్నారు. మీ ఎనిమిదో తరగతి పిల్లలకు ఈ సంగతి చెప్పి, పెన్సిలు, కాగితం ఇచ్చి నచ్చిన ఒక్క బొమ్మను దించమనండి.

అక్కడ ముందుగా ముసుగు రెబెక్కా దగ్గరికి తీసుకెళ్లండి. అది శిల్పమే కానీ బైబిలు కథే, మన బైబిల్లో రిబ్కా. మొదటి సాలార్ జంగ్ 1876లో ఇటలీ వెళ్లినప్పుడు కొన్నారు, ఇటలీ శిల్పి బెంజోనీ చేతి పనితనం. ఇదే రిబ్కాను ఆయన పనిశాల చాలాసార్లు చెక్కింది, అమెరికా మ్యూజియంలలోనూ ఉన్నాయి, కాబట్టి అసలు–నకలు అనే లెక్క అక్కడే కొంత తేలిపోతుంది. ఎక్కువ మంది ‘రాతిలో ముసుగు ఎట్లా చెక్కాడబ్బా’ అని ఫొటో తీసుకొని వెళ్లిపోతారు. మీరు మాత్రం ముందు రోజు క్లాసులో ఆదికాండము 24వ అధ్యాయం కథ చెప్పండి: బావి దగ్గర అపరిచితుడికి నీళ్లిచ్చి, అడగకుండానే అతని పది ఒంటెలకూ నీళ్లు తోడిన అమ్మాయి, ‘వెళ్తావా’ అని ఇంట్లోవాళ్లు అడిగితే ‘వెళ్తాను’ అని తానే చెప్పిన అమ్మాయి, చివరికి దూరంగా పొలంలో పెళ్లికొడుకు నడిచొస్తుంటే ఒంటె దిగి ముసుగు వేసుకుంది. బెంజోనీ పట్టుకున్నది ఆ క్షణాన్ని. కథ తెలిసిన పిల్లలు ముసుగు దాటి ముఖం చూస్తారు.

ఆ తర్వాత రెండు మూడు చిత్రాలు చాలు, అన్ని గదులూ తిప్పొద్దు, పిల్లలు అలసిపోతే ఏదీ మిగలదు. మ్యూజియంకు శుక్రవారం సెలవు, కాబట్టి ఆ రోజు కాకుండా టికెట్లు చేయించుకోండి.